కిరికిరి లేని బండి ఏది? కార్ల రేటింగులను ఎంతవరకు నమ్మవచ్చు

పసుపు అమ్ముడుపోయే మార్చి, ఏప్రిల్ నెలల్లో నిజామాబాద్ జిల్లా నందిపేట్‌లోని మెకానిక్ షెడ్ల దగ్గర ఒక ప్రశ్న తరచుగా వినబడుతుంది. "మేస్త్రీ, కిరికిరి లేని బండి ఏదన్న ఉంటే చెప్పరాదు?" అడిగే మనిషి జేబులో నిజామాబాద్ మార్కెట్ యార్డు తక్‌పట్టీ ఉంటుంది, కాకుంటే గల్ఫ్‌లో నాలుగైదేళ్ళు దాచుకున్న జీతం ఉంటుంది. మేస్త్రీ బానెట్ కింది నుంచి తల ఎత్తకుండానే రెండు పేర్లు చెబుతాడు, ఒకటి మాత్రం వద్దంటాడు. పక్కన చాయ్ తాగుతున్న ట్యాక్సీ డ్రైవరు, ఆ వద్దన్న బండినే తాను రెండు లక్షల కిలోమీటర్లు నడిపినా ఇంజను విప్పలేదంటాడు. ఈలోగా కొడుకు ఫోన్ తీసి, "బాపూ, దీనికి నాలుగున్నర స్టార్లున్నయి" అని మూడో బండిని చూపిస్తాడు.

ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. అయినా ముగ్గురి మాటా కలవడం లేదు. ఎనిమిది, పది లక్షలు పెట్టి కొనే మనిషి ఎవరి మాట పట్టుకోవాలి?

మేస్త్రీ మాటలో బలముంది. ఏ బండి క్లచ్ ప్లేటు ఎన్ని వేల కిలోమీటర్లకు పోతుందో, ఏ బండి సస్పెన్షన్ బుష్షులు గుంతల రోడ్డు మీద ఎన్నాళ్ళు ఆగుతాయో ఆయన చేతులకు తెలుసు. అయితే ఆయన చూసేది షెడ్డుకు వచ్చిన బండ్లనే. ఇంటి ముందు నిక్షేపంగా నిలబడి ఉన్న బండి ఆయన లెక్కలోకి రాదు. వారంటీలో ఉన్న కొత్త బండ్లు నిజామాబాద్ షోరూములకు పోతాయి కాబట్టి అవీ రావు. వారంలో పది కార్లు వచ్చి అందులో ఆరు ఒకే కంపెనీవి అయితే ఆ కంపెనీ చెడ్డదనిపిస్తుంది. కానీ మండలంలో వంద కార్లుంటే అరవై ఆ కంపెనీవే అనుకుందాం. అప్పుడు ఆ ఆరు లెక్క ప్రకారం రావాల్సినవే. ఎన్ని చెడిపోయాయన్నది ఒక్కటే చాలదు, ఎన్నింటిలో అన్ని చెడిపోయాయన్నది తెలియాలి. కార్ల రేటింగు అనే పని మొదలైందే ఈ రెండో ప్రశ్న కోసం.

ఫోన్‌లో కొడుకు చూపించిన స్టార్ల సంగతి ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే అక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్ముడయ్యే ఐదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూస్తే, పెద్దల రక్షణలో ఐదింటికీ సున్నా స్టార్లే వచ్చాయి. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ ఐదు స్టార్లు తెచ్చుకున్నాక షోరూముల్లో ఆ మాట బాగా చెల్లుబాటయింది. 2023 అక్టోబరు 1 నుంచి మన సొంత భారత్ ఎన్‌క్యాప్ కూడా నడుస్తోంది. ఇవన్నీ ప్రాణానికి సంబంధించిన పరీక్షలు. బండి గుద్దుకున్నప్పుడు లోపలి మనిషికి ఏమవుతుందో చెబుతాయి. ఐదేళ్ళకు గేర్ బాక్సు ఏమవుతుందో, ఏసీ కంప్రెషరు ఆగుతుందో లేదో అన్నదానితో వాటికి సంబంధం లేదు. భద్రతలో ఐదు స్టార్లున్న బండి ప్రతి మూడు నెలలకూ షెడ్డు చేరవచ్చు. ఏళ్ళ తరబడి షెడ్డు ముఖం చూడని బండి గుద్దితే నలిగిపోనూ వచ్చు. రెండూ కావాలి, కానీ ఒకదాని స్టార్లు చూసి రెండోది ఉందనుకుంటేనే నష్టం.

ఇక అసలు నమ్మిక, అంటే బండి మొరాయించకుండా నడవడం, దీన్ని ప్రపంచంలో ముఖ్యంగా మూడు రకాలుగా కొలుస్తున్నారు.

మొదటి రకానికి పెద్ద పేరు అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్. 1936లో వినియోగదారుల సంఘంగా పుట్టింది. ప్రకటనలు తీసుకోదు. పరీక్షించే కార్లను మామూలు కొనుగోలుదారుడిలా డీలరు దగ్గర డబ్బిచ్చి కొంటుంది. తన రేటింగులను కంపెనీలు ప్రకటనల్లో వాడుకోవడానికి దశాబ్దాల తరబడి ఒప్పుకోలేదు. ఏటా తన సభ్యులను, గడిచిన 12 నెలల్లో మీ కారుకు ఏయే భాగంలో ఏ తిప్పలు వచ్చాయని అడుగుతుంది. ఇంజను, గేర్ బాక్సు వంటి పెద్ద భాగాల లోపానికి ఎక్కువ బరువు, తలుపు కిర్రుమనడం లాంటి వాటికి తక్కువ బరువు ఇస్తుంది. 2023 నివేదికకు 3 లక్షలకు పైగా కార్ల సమాచారం చేరింది. మామూలు కార్ల కంటే ఎలక్ట్రిక్ కార్లకు 79 శాతం ఎక్కువ సమస్యలు వచ్చాయనీ, హైబ్రిడ్లకు 26 శాతం తక్కువ వచ్చాయనీ ఆ ఏడు తేలింది. మరుసటి ఏడాదికే ఎలక్ట్రిక్ కార్ల లెక్క 42 శాతానికి దిగింది. ఒక్క ఏడాదిలో ఇంత తేడా రావడం గమనించదగ్గది. కొత్త రకం బండి మీద తొలి రెండేళ్ళ రేటింగును చూసి శాశ్వత తీర్పు ఇచ్చేయకూడదు.

అదే సంస్థ 2015లో టెస్లా మోడల్ ఎస్ కారుకు నడిపి చూసే పరీక్షలో నూటికి 103 మార్కులు వేసింది. కొలబద్దే సరిపోలేదన్నంతగా మెచ్చుకుంది. రెండు నెలలు తిరగకముందే, అక్టోబరులో, యజమానుల సర్వే ఫలితాలు వచ్చి అదే కారు నమ్మికలో సగటు కంటే కిందికి పడింది, సిఫారసు వెనక్కి తీసుకున్నారు. నడపడానికి బాగుండటం వేరు, నిలకడగా నడవడం వేరని ఇంత స్పష్టంగా చూపిన ఉదాహరణ మరొకటి లేదు. టెస్ట్ డ్రైవ్‌లో మనసు పారేసుకుని అక్కడికక్కడే అడ్వాన్సు కట్టేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి.

రెండో రకం జె.డి. పవర్ సంస్థది. 1968లో అమెరికాలోనే మొదలైంది. ప్రతి 100 బండ్లకు ఎన్ని సమస్యలన్నది దీని కొలత. కొన్న 90 రోజులకు ఒక సర్వే, మూడేళ్ళకు మరొకటి. 2025లో వెలువరించిన మూడేళ్ళ సర్వేలో 100 కార్లకు సగటున 202 సమస్యలు లెక్కకు వచ్చాయి. అన్నిటికంటే పైనున్న లెక్సస్‌కు 140. ఒక్కో కారుకు రెండు సమస్యలా అని గుండె జారనక్కర్లేదు. ఆ పట్టికలో ఎక్కువ మంది ఫిర్యాదు చేసింది ఫోన్‌ను కారు తెరకు కలపడంలో వచ్చే చిక్కుల మీద. ఫోన్ కలవకపోవడమూ ఒక సమస్యే, గేర్ బాక్సు కాలిపోవడమూ ఒక సమస్యే. అర్ధరాత్రి పేషెంటును నిజామాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోతున్న మనిషికి ఆ రెండూ ఒకటి కావు. పైగా ఈ సంస్థకు ఆదాయం కార్ల కంపెనీల నుంచే వస్తుంది. వివరమైన నివేదికలు వాళ్ళే కొంటారు, అవార్డు వస్తే ప్రకటనలో వేసుకోవడానికి రుసుము కడతారు. ఆ కారణంగా ఫలితాలు తప్పని అనలేం. కానీ ఏ విభాగంలో అవార్డు, ఏ వయసు బండికి అవార్డు అన్నది చూడకుండా ప్రకటనలోని కప్పును చూసి కొనడం తెలివైన పని కాదు.

మూడో రకంలో యజమానిని అడగరు, బండినే చూస్తారు. జర్మనీలో ప్రతి కారూ మూడేళ్ళకు, ఆ తర్వాత ప్రతి రెండేళ్ళకు తప్పనిసరిగా తనిఖీకి వెళ్ళాలి. టీయూవీ సంస్థలు ఆ తనిఖీల నుంచే ఏటా మోడళ్ళవారీగా నివేదిక అచ్చువేస్తాయి. దాని వెనుక ఉండేది దాదాపు కోటి తనిఖీలు. బ్రిటన్‌లోనూ ఇలాంటి తనిఖీ ఉంది. అక్కడ నంబరు ప్లేటు కొడితే ఏ బండి ఏ ఏడు ఎందుకు తప్పిందో ఎవరైనా ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఇది అన్నిటికంటే గట్టి ఆధారం, ఎందుకంటే ఇష్టాయిష్టాలు అడ్డురావు. అయినా దీనికీ ఒక పరిమితి ఉంది. టీయూవీ 2024 నివేదికలో రెండు మూడేళ్ళ కార్లలో అట్టడుగున నిలిచింది టెస్లా మోడల్ 3. వందలో 14.7 బండ్లలో పెద్ద లోపాలు దొరికాయి, అందులో బ్రేకు డిస్కులు, లైట్లు, ఇరుసు భాగాలవి ఎక్కువ. ఆ కారుకు ఏటా తప్పనిసరి సర్వీసింగ్ లేదు. మిగతా కార్లకు తనిఖీకి ముందే సర్వీసు సెంటరు సరిచేసి పంపే చిన్న లోపాలు దీంట్లో నేరుగా తనిఖీ చేసేవాళ్ళ కంటపడతాయి. అంటే ఈ నివేదిక బండి గుణంతో పాటు యజమాని సంరక్షణను కూడా కొలుస్తుంది. చవక బండి కొన్నవాడు సర్వీసింగ్ వాయిదా వేస్తాడు, ఖరీదైన బండి కొన్నవాడు తేదీ తప్పడు. నందిపేట్‌లో చిన్న కారుకూ ఇన్నోవాకూ మధ్య కనబడే తేడాలో కొంత ఇదే.

సంస్థ ఎంత పెద్దదైనా తప్పు జరుగుతుంది. జరిగినప్పుడు ఏం చేసిందన్నదాన్ని బట్టి దాని విలువ కట్టాలి. 2007 జనవరిలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పసిపిల్లల కారు సీట్ల పరీక్ష ఫలితాలను తానే వెనక్కి తీసుకుంది. పక్క నుంచి గుద్దే పరీక్షను తాము చెప్పిన వేగం కంటే చాలా ఎక్కువ వేగంతో చేయించినట్టు తేలింది, ఆ సంగతి పాఠకులకు చెప్పి నివేదిక రద్దు చేసింది. జర్మనీలోని ఏడీఏసీ కథ వేరు. రోడ్డు మీద ఆగిపోయిన కార్లకు సాయం చేసే అతి పెద్ద మోటారు క్లబ్బు అది. 2014 జనవరిలో దాని అభిమాన కారు అవార్డులో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్‌కు 3,409 ఓట్లు వస్తే 34,299 అని ప్రకటించినట్టు ఒక జర్మన్ దినపత్రిక బయటపెట్టింది. క్లబ్బు మొదట కొట్టిపారేసింది, తర్వాత ఒప్పుకోక తప్పలేదు. ఆ క్లబ్బు తయారుచేసే బ్రేక్‌డౌన్ల పట్టిక వేరే విభాగం పని, దానికి నిజమైన ఫోన్ కాల్సే ఆధారం. అయినా ఒకచోట అంకె పెంచిన చేతులు మరోచోట ఏం చేశాయో అన్న శంక ఆ తర్వాత ఎన్నాళ్ళో వెంటాడింది.

అంకెల్లో నిజాయితీ ఉన్నా ఇంకో చిక్కు మిగులుతుంది. ఒక మోడల్ గురించి 200 మంది యజమానులు జవాబిచ్చారనుకుందాం. వారిలో 10 మందికి పెద్ద లోపం వచ్చింది, అంటే 5 శాతం. ఇంకో మోడల్‌లో 200 మందికి 14 మంది, 7 శాతం. పట్టికలో మొదటిది పైన, రెండోది కింద కనబడుతుంది. కానీ 200 మందిని అడిగి తేల్చిన 5 శాతం అనే అంకె నిజానికి 2 నుంచి 8 దాకా ఎక్కడైనా ఉండవచ్చునని గణాంకశాస్త్రం చెబుతుంది. ఆ రెండు కార్ల మధ్య తేడా ఉందని ఒట్టు పెట్టి చెప్పలేం. మూడో ర్యాంకుకూ ఏడో ర్యాంకుకూ మధ్య ఉన్నది చాలాసార్లు ఇంతే. మొదటి స్థానానికీ అట్టడుగుకూ మధ్య ఉన్న అగాధాన్ని నమ్మవచ్చు, అది ఏళ్ళ తరబడి అలాగే ఉంటే గట్టిగా నమ్మవచ్చు. పక్కపక్క మెట్ల కోసం వాదులాడుకోవడం దండగ.

యజమాని జవాబులో బండి గుణం ఒక్కటే ఉండదన్న సంగతి కవల కార్లను చూస్తే తేటపడుతుంది. మన దేశంలో 2019 జూన్‌లో టొయోటా గ్లాంజా వచ్చింది. అది మారుతి సుజుకీ బలేనోనే. గ్రిల్లు, పేరు పలక, కొన్ని పైపై మార్పులు తప్ప రెండూ ఒకే కర్మాగారం నుంచి దిగిన ఒకే బండి. వారంటీలో మాత్రం తేడా ఉండేది. గ్లాంజాకు 3 ఏళ్ళు లేదా 1 లక్ష కిలోమీటర్లు, బలేనోకు 2 ఏళ్ళు లేదా 40 వేలు. మారుతి తన వారంటీని 3 ఏళ్ళకు పెంచింది 2024 జూలైలో. 2023 జనవరిలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోలరులో లోపం ఉండవచ్చని మారుతి 17,362 బండ్లను వెనక్కి పిలిస్తే, అదే లోపానికి టొయోటా కూడా 1,390 గ్లాంజా, హైరైడర్ బండ్లను వెనక్కి పిలిచింది. లోపమూ కవలలకు ఒకటే. కానీ ఈ రెండు కార్ల యజమానులను పక్కపక్కన కూర్చోబెట్టి అడిగితే ఒకే జవాబు వస్తుందా? పేరు మీదున్న గురి, షోరూములో దొరికిన మర్యాద, వారంటీలో పోయిన ఖర్చు, ఇవన్నీ జవాబులోకి దిగుతాయి. రెనో డస్టర్, నిస్సాన్ టెరానో, ఫోక్స్‌వాగన్ వెంటో, స్కోడా ర్యాపిడ్ జంటలది కూడా ఇదే వరస. కవలలకు వేర్వేరు రేటింగులు కనబడితే అక్కడ కొలిచింది ఇనుమును కాదు, దాని చుట్టూ ఉన్న సేవను, పేరును.

గల్ఫ్ నుంచి వచ్చే అభిప్రాయానికీ ఇదే వర్తిస్తుంది. ఆర్మూర్, నందిపేట్, బాల్కొండ పల్లెల నుంచి సౌదీకీ దుబాయికీ హౌస్ డ్రైవర్లుగా వెళ్ళినవాళ్ళు అక్కడ కొరోలా, సన్నీ, ల్యాండ్ క్రూయిజర్ బండ్లను లక్షల కిలోమీటర్లు నడిపారు. ఎడారి వేడిలో ఆ బండ్లు చూపిన దమ్ము వాళ్ళ కళ్ళారా చూసిందే. అయితే అక్కడి ఇంధనం వేరు, రోడ్లు వేరు, సర్వీసింగ్ పద్ధతి వేరు, చివరికి అదే పేరుతో ఇక్కడ అమ్మే బండి కూడా కొన్నిసార్లు వేరు. అక్కడి గురితో ఇక్కడ బండి కొన్నాక దగ్గర్లో సర్వీసు సెంటరు లేక హైదరాబాద్ దారి పట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. జనరల్ మోటార్స్ 2017లో, ఫోర్డ్ 2021లో మన దేశంలో కార్ల అమ్మకాలు ఆపేశాయి. ఆ కార్లలో మంచివి లేకపోలేదు, వాటికి మంచి రేటింగులూ వచ్చాయి. కంపెనీ దుకాణం కట్టేశాక స్పేర్ పార్టు కోసం వారాలు ఎదురుచూసిన యజమానికి ఆ రేటింగు ఏం చేయగలదు? అందుకే నందిపేట్‌వాళ్ళు లోపం అనకుండా కిరికిరి అంటారు. పార్టు దొరక్కపోవడం, మేస్త్రీకి ఆ బండి చేతకాకపోవడం, అమ్మబోతే అడిగేవాడు లేకపోవడం అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

ఇప్పుడు మన ఇంటి సంగతికి రావాలి. మన దేశంలో యజమానులను అడిగి చేసిన పేరున్న సర్వేలంటే జె.డి. పవర్‌వే. ఆ సంస్థ 1990ల చివరి నుంచి ఇక్కడ సర్వేలు నడిపింది. అవి ఎక్కువగా కొత్త కార్ల మీద, మూడేళ్ళ వయసు కార్ల మీద సాగాయి. అహ్మదాబాద్‌లో 1978 నుంచి పనిచేస్తున్న సీఈఆర్‌సీ, ఢిల్లీలోని కన్స్యూమర్ వాయిస్ వంటి వినియోగదారుల సంఘాలు ఇంట్లో వాడే వస్తువులను పోల్చి చూసి మంచి పని చేశాయి. ఏటా లక్షల కార్ల యజమానులను అడిగేంత స్తోమత వాటికి లేదు.

దాంతో ఆ ఖాళీని నింపుతున్నది షోరూము నుంచి వచ్చే ఫోన్ కాల్. బండి డెలివరీ రోజు తాళాలు చేతికిస్తూ, పూలదండ వేసి ఫోటో తీస్తూ సేల్స్ కుర్రాడు మెల్లగా అంటాడు, "సార్, కంపెనీ నుంచి ఫోన్ వస్తది, పదికి పది చెప్పండి సార్, తొమ్మిది చెప్పినా మాకు కట్ అయితది." ఆ కుర్రాడి జీతంలో ఇన్సెంటివ్ ఆ పదికి ముడిపడి ఉంటుందని తెలిశాక ఏ పెద్దమనిషీ ఎనిమిది చెప్పలేడు. అలా పుట్టిన పదులు కలిసి సంతృప్తి శాతమవుతాయి. ఇక ఆన్‌లైన్‌లో కనబడే స్టార్ల మీద అనుమానాలు పెరగడంతో 2022 నవంబరులో కేంద్రం ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. సమీక్ష రాసినవాడు నిజంగా ఉన్నాడా, డబ్బు తీసుకుని రాశాడా అన్నది సైట్లు ఎలా చూసుకోవాలో అందులో ఉంది.

మరి తనిఖీల మాటేమిటి? ట్యాక్సీలు, లారీల వంటి రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. సొంత కారుకు మాత్రం 15 ఏళ్ళు నిండేదాకా పొగ సర్టిఫికెట్ తప్ప మరే పరీక్షా లేదు. జర్మనీలో మూడేళ్ళకే మొదలయ్యే లెక్క మనకు పదిహేనేళ్ళ దాకా మొదలే కాదు. జరిగే పరీక్షల్లో ఏ మోడల్ ఎందుకు తప్పిందన్నది జనం చదువుకునేలా ఎక్కడా అచ్చు కాదు. డీలర్ల సమాఖ్య ప్రతి నెలా చెప్పే దేశవ్యాప్త అమ్మకాల లెక్కలోనైతే ఏళ్ళ తరబడి తెలంగాణే లేదు, మన రాష్ట్రం కేంద్ర వాహన్ పోర్టల్‌లో చేరకుండా సొంత వ్యవస్థ నడుపుకోవడమే కారణం. ఏపీ 25, టీఎస్ 16, ఇప్పుడు టీజీ 16 నంబర్లతో జిల్లాలో తిరిగే బండ్ల అనుభవం అంతా ఎవరి పుస్తకంలోనూ ఎక్కకుండా షెడ్ల దగ్గర మాటల్లోనే ఉండిపోతోంది.

ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఏం జరుగుతుందో చెరకు చెప్పిన పాఠం ఉంది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1930ల చివర్లో మొదలైన నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోని అతి పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటి. 2015 డిసెంబరులో మూతపడింది, చుట్టుపక్కల చెరకు పొలాలు చాలావరకు వరి మళ్ళయ్యాయి. కర్మాగారం పోయినా చెరకు మరో రూపంలో ఇదే రోడ్డు మీదికి వచ్చింది. చెరకు, మక్క, బియ్యం నుంచి తీసిన ఇథనాల్‌ను 20 శాతం కలిపిన పెట్రోలు, ఈ20, 2025 నాటికి దేశమంతటా బంకుల్లోకి చేరింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో దాదాపు మూడింట రెండు వంతులే. కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజం. 2021 జూన్‌లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ప్రణాళికే ఆ మాట చెప్పింది. పాత ఇంధనానికి తగ్గట్టు తయారై 10 శాతం మిశ్రమానికి సర్దిన కార్లలో 6 నుంచి 7 శాతం, 20 శాతానికి సర్దిన కార్లలో 1 నుంచి 2 శాతం తగ్గుతుందని అంచనా వేసింది. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే పాత కారు 17కు కాస్త కిందికి దిగుతుందన్నమాట.

2025 ఆగస్టులో లోకల్ సర్కిల్స్ అనే వేదిక నడిపిన సర్వేలో, 2022లో గానీ అంతకు ముందు గానీ బండి కొన్నవాళ్ళలో ముగ్గురికి ఇద్దరు మైలేజీ తగ్గిందన్నారు. ప్రభుత్వం ఆ భయాలకు ఆధారం లేదంది. సెప్టెంబరు 1న సుప్రీం కోర్టు ఈ విషయంపై వేసిన పిటిషన్‌ను కొట్టేసింది. ఎవరి మాట నమ్మాలి? ఆన్‌లైన్ సర్వేలో జవాబిచ్చేవాళ్ళు తమంతట తాము వచ్చినవాళ్ళు. కోపం ఉన్నవాడు ముందు వస్తాడు, ఏ ఇబ్బందీ లేనివాడు బటన్ నొక్కే ఓపిక చేసుకోడు. మరోవైపు ప్రయోగశాలలో పరీక్షించిన ఇంజను, పన్నెండేళ్ళు వాడిన పాత రబ్బరు గొట్టాలున్న ఇంజను కాదు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్ల భాగాలు ఈ20ని తట్టుకునేలా చేసినవి. నందిపేట్‌లో సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారే కార్లలో ఎక్కువ అంతకు ముందువే. ఆ పాత మోడళ్ళకు ఒకప్పుడు వచ్చిన రేటింగులన్నీ పాత పెట్రోలు తాగిన రోజుల రేటింగులు. ఆ ఒక్క మార్పుతో వాటిలో ఎన్ని నిలుస్తాయన్నది మోడళ్ళవారీగా బండ్ల యజమానులను, షెడ్లను అడిగితేనే తేలుతుంది. ఇంత పెద్ద మార్పు తెచ్చినవాళ్ళు ఆ లెక్క తీసి జనం ముందు పెట్టాల్సింది.

స్థానిక కారణాలు ఇంకా ఉన్నాయి. వరి కోతలయ్యాక ఎలుకలు ఇళ్ళ వైపు వచ్చి బానెట్ కింద వెచ్చగా ఉన్న చోట గూడు కడతాయి, వైర్లు కొరుకుతాయి. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, యజమాని 'ఎలక్ట్రికల్ ప్రాబ్లం' అని చెబుతాడు, సర్వేలో అది కంపెనీ లోపంగానే పడుతుంది. సెలవులో వచ్చి కారు కొని రెండు నెలలు తిప్పి మళ్ళీ మస్కట్‌కో కువైట్‌కో వెళ్ళిపోయే యజమానుల కథ మరొకటి. బండి వాకిట్లో టార్పాలిన్ కింద ఏడాదిన్నర నిలబడుతుంది. బ్యాటరీ చస్తుంది, టైర్లు ఒకచోటే నొక్కుకుపోతాయి, ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది. మీటరు మీద మాత్రం ఆరు వేల కిలోమీటర్లే. ఏ సర్వే పత్రంలోనూ ఈ రకం వాడకానికి గడి లేదు.

ఇక ట్యాక్సీ డ్రైవరు మాట. ఆర్మూర్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి గల్ఫ్ ప్రయాణికులను దించి వచ్చే డ్రైవరు సొంత కారువాడు పదేళ్ళలో తిప్పే దూరం రెండేళ్ళలో తిప్పుతాడు. పొద్దంతా ఏసీ, నిండా మనుషులు, పైన సామాను. 2000 నుంచి 2005 దాకా నడిచిన టొయోటా క్వాలిస్, తర్వాత వచ్చిన ఇన్నోవా ఈ దారిలో సంపాదించుకున్న పేరు ఏ సంస్థా ఇచ్చింది కాదు. టాటా ఇండికా కథ అంతకంటే విలువైనది. 1998 డిసెంబరులో వచ్చిన తొలి ఇండికాలో లోపాల మీద ఫిర్యాదులు కుప్పలుగా వచ్చాయి. కంపెనీ వాటిని సరిచేసి 2001లో ఇండికా వీ2 తెచ్చింది. ఆ వీ2 మన ట్యాక్సీ స్టాండ్లలో ఏళ్ళ తరబడి రాజ్యమేలింది. తొలి బండి చూసి తీర్పు ఇచ్చినవాళ్ళు మంచి బండిని పోగొట్టుకున్నారు. పేరు ఒకటే అయినా బండి మారిపోతుంది, రేటింగు ఏ ఏటి బండిదో చూడాలనేది దీంతో తెలిసొచ్చే సంగతి. డ్రైవరు మాటకూ ఒక పరిమితి లేకపోలేదు. అతను చెప్పేది తెలుపు ప్లేటు కారు బాధలను కాదు. పొద్దున పిల్లల్ని బడిలో దించి సాయంత్రం దాకా నిలబడే డీజిల్ బండికి పొగ వడపోసే ఫిల్టరు పూడుకుపోతుంది. హైవే మీద పరుగెత్తే ట్యాక్సీకి ఆ సమస్య చాలా తక్కువ.

ఇదంతా ముందే తెలుసుకోవాల్సిన అవసరం ఎందుకంత ఎక్కువంటే, కొన్నాక చేయగలిగింది తక్కువ. 2006లో మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గాబ్‌గోత్రా కేసులో సుప్రీం కోర్టు, క్లచ్‌లో లోపం ఉంటే ఆ భాగం మార్చాలి గానీ మొత్తం కారే మార్చి ఇవ్వాలనడం కుదరదని చెప్పింది. వారంటీ కాగితంలో ఉన్నంత వరకే హక్కు. కొత్త బండి ఆర్నెల్లు షోరూములోనే ఉన్నా, తయారీలోనే లోపముందని నిరూపించే భారం సాధారణంగా కొన్నవాడి మీదే పడుతుంది, దానికి నిపుణుడి నివేదిక కావాలి.

రీకాల్ విషయంలో, అంటే లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలవడంలో, కొంత మేలు జరిగింది. 2012లో కంపెనీలు తమంతట తాము పెట్టుకున్న కట్టుబాటుతో మొదలై, 2019 మోటారు వాహనాల సవరణ చట్టంతో అది ప్రభుత్వ అధికారంగా మారింది. 2021 ఏప్రిల్ 1 నుంచి నియమాలు అమల్లోకి వచ్చాయి, ఆదేశిస్తే వెనక్కి పిలవాల్సిందే, కాదంటే 10 లక్షల నుంచి 1 కోటి రూపాయల దాకా జరిమానా. 2021 సెప్టెంబరులో మారుతి ఒక్కసారే 1,81,754 పెట్రోలు బండ్లను మోటారు జనరేటరు భాగం తనిఖీకి పిలిచింది. రీకాల్ పేరు వినగానే బండి చెడ్డదనుకోవడం పొరపాటు. తప్పు తెలిసీ పిలవని కంపెనీ కంటే పిలిచి ఊరికే మార్చి ఇచ్చిన కంపెనీ నయం. గల్ఫ్‌లో ఉన్న యజమాని ఫోన్ నంబరు మారిపోయి ఆ పిలుపు అందని బండ్లు మాత్రం ఊళ్ళో ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడికి అసలే అందదు. కంపెనీ వెబ్‌సైటులో ఛాసిస్ నంబరు కొడితే పెండింగ్ రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే ఆ పని పైసా ఖర్చు లేకుండా జరుగుతుంది.

షెడ్డు ముందు నిలబడిన ఆ మనిషి దగ్గరికి మళ్ళీ వస్తే, ఇప్పుడు అతను కొత్త బండి ఆలోచన మానుకుని ఐదేళ్ళ సెకండ్ హ్యాండ్ కారు మీద మనసు పెట్టాడు. మోడల్ మీద పేరు బాగానే ఉంది, విదేశీ పట్టికల్లో దాని కంపెనీ ఏళ్ళుగా పైనే ఉంది, ట్యాక్సీ స్టాండులోనూ వద్దన్నవాళ్ళు లేరు. మోడల్ గురించి రేటింగు చెప్పగలిగింది అంతే, ఈ ఒక్క బండి గురించి అది ఏమీ చెప్పలేదు. మేస్త్రీ మొదట బండి నంబరు రాసుకుని, కంపెనీ సర్వీసు సెంటరులో హిస్టరీ అడగమంటాడు. ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్లో అక్కడ రాసి ఉంటుంది, మీటరు వెనక్కి తిప్పి ఉంటే అక్కడే దొరుకుతుంది. తర్వాత రేపు పొద్దున ఆరింటికి పోదామంటాడు, అమ్మేటాయనకు ఒక మాట ముందే చెప్పమంటాడు. "మేం వచ్చేదాక ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దను. నేను మొదలు బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్త. వేడిగ ఉన్నదనుకో, ఎనకకే వచ్చుడు."

పొద్దున చల్లటి ఇంజను మొదటి తిప్పులో చేసే చప్పుడును ఆయన కళ్ళు మూసుకుని వింటాడు. ఆయిల్ మూత తీసి లోపలి అంచును వేలితో తుడిచి చూస్తాడు, నాలుగు టైర్ల అరుగుదలను అరచేత్తో తడుముతాడు, డిక్కీలో స్టెపినీ ఎత్తి కింద వెల్డింగ్ మచ్చ ఉందేమో చూస్తాడు. ఆ తర్వాత గుంతల రోడ్డు మీద సెకండ్ గేరులో అద్దాలు దించి నడపమంటాడు, తాను వెనక సీట్లో కూర్చుని బుష్షుల మాట వింటాడు.

"ముందల ఎడమ దిక్కు కొడుతున్నది," అంటాడు. "బుష్షు మార్పిస్తే సాలు. దానికి మూడు వేలు తగ్గించుమని అడుగు."

కొనేవాడు ఆ మాట పట్టుకుని బేరం మొదలుపెడతాడు.